పుచ్చు పోను మిగిలినవి

తెలుగులో ‘చచ్చు పుచ్చు’ అని ఒక మాట ఉంది. పనికిరాని మాటలను, పనికిరాని మనుషులను ఒకే దెబ్బకు తీసిపారేయడానికి వాడతారు. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అది నా మీద కూడా పడింది. కానీ ఆ మాట పుట్టింది చేటలో. చచ్చు అంటే సరిగా ఊరక ముడుచుకుపోయిన గింజ. పుచ్చు అంటే లోపల పురుగు తినేసినా పైకి గింజలాగే కనిపించేది. రెండూ పారబోసేవే గానీ రెండూ ఒకటి కావు. చచ్చుకు కారణం వాన, పుచ్చుకు కారణం పురుగు. ఈ తేడా నాకు చెప్పింది మా యాడి. ఆమెకు ఇప్పటికీ తెలుగు తడుముకుంటేనే వస్తుంది.

యాడి అంటే అమ్మ. మా గోర్‌బోలీకి సొంత లిపి లేదు కాబట్టి ఆమె మాటలను ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. కొంత పదును పోతుంది. గోర్‌బోలీ వచ్చినవాళ్లు లోపల్లోపల తిప్పి చదువుకోండి.

మా తండా నర్సంపేట వైపు. మాకున్నది రెండున్నర ఎకరాల ఎర్ర చెలక. నా చిన్నప్పుడు అందులో జొన్న వేసేవాళ్లు. జొన్న సాళ్ల మధ్య కంది, ఒక పక్కన పెసర, గట్టు వెంట అనుములు. జొన్న కర్రను పట్టుకొని బబ్బెర తీగ పాకేది. బబ్బెర్లంటే కొన్ని జిల్లాల్లో అలసందలు అంటారు చూడండి, అవే. మా బబ్బెర్లు అంగట్లో దొరికే తెల్ల రకం కాదు. ఇటుక రంగులో ఉండి కన్ను చుట్టూ నల్లటి అంచు ఉంటుంది. గింజ చిన్నది. ఉడకాలంటే కట్టెలు ఎక్కువ కావాలి. జొన్నరొట్టెతో ఆ బబ్బెర్ల కూర తిన్నవాళ్లు కట్టెల లెక్క అడగరు. ఆ విత్తనం మా నాయనమ్మ పెళ్లయి వచ్చేటప్పుడు కొంగున కట్టుకొని తెచ్చిందని మా ఇంట్లో చెబుతారు. విత్తనం గురించి ప్రతి ఇంట్లోనూ ఇలాంటి మాటే చెబుతారు, అది వేరే సంగతి.

1990లలో పత్తి వచ్చింది. మొదట మోటారు బావులున్నవాళ్లు వేశారు, తర్వాత చెలకలున్న మేమూ వేశాం. ఎనుమాముల మార్కెట్ రోడ్డు పొడుగునా పత్తి బండ్లు నిలబడి ఉండేవి. జొన్న పోయింది. జొన్న పోతే తీగ పాకడానికి కర్ర లేదు, బబ్బెర కూడా గట్టుకు చేరింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతులు వరుసగా పురుగుమందు తాగి చనిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఏడాది అందరి నోటా పురుగు మాటే. ఆకు తినే లద్దెపురుగు, కాయ తొలిచే పచ్చపురుగు. మనుషుల ప్రాణాలు పోతున్నప్పుడు ఇంట్లో మూలన ఉన్న బుట్టలోని పురుగు ఎవరికి గుర్తుంటుంది?

మాకు గుర్తు రావాల్సి వచ్చింది. ఆ యేడు అప్పు తీరక బాపు, యాడి, అన్న ముగ్గురూ ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి పోయారు. ఇంటికి తాళం. విత్తనం బబ్బెర్లు కుంచెడు ఉంటే, యాడి వాటిని బూడిదలో కలిపి, పేడతో అలికిన చిన్న వెదురు బుట్టలో పోసి, పైన మట్టితో మెత్తి పోయింది. ఎప్పుడూ చేసే పద్ధతే. ఆ వేసవిలో ఎలుక బుట్ట అడుగున బొక్క పెట్టింది. గింజలు కొన్నే పోయాయి గానీ బూడిద మొత్తం జారిపోయింది. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చేసరికి వాళ్లు కూడా తిరిగొచ్చారు. యాడి బుట్ట మీది మట్టి పగలగొట్టగానే గోధుమ రంగు పురుగులు గోడ మీదికి పాకాయి. చెయ్యి పెడితే బుట్ట లోపల వెచ్చగా ఉంది. పురుగు బాగా పట్టిన గింజల కుప్ప వేడెక్కుతుందని తర్వాత చదువుకున్నాను. ఆ రోజు మాత్రం ఆ వెచ్చదనానికి ఒళ్లు జలదరించింది.

యాడి తిట్టలేదు, ఏడ్వలేదు. బుట్టను వాకిట్లో బోర్లించి, చేట తీసుకొని కూర్చుంది. ఆ రాత్రి నా పని బుడ్డి దీపం పట్టుకోవడం. 

బొక్క ఉన్న గింజను గుర్తుపట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. సూదితో కాదు, సన్న గొట్టంతో కోసినట్టు గుండ్రంగా ఉంటుంది. అవి ముందే పోయాయి. రెండోసారి ఏరినప్పుడు దీపాన్ని పక్కకు వంచమంది. వెలుగు ఏటవాలుగా పడితే కొన్ని గింజల తోలు మీద ఒక గుండ్రని మచ్చ, పల్చగా, అద్దం పెట్టినట్టు కనిపించింది. లోపల పురుగు తయారై ఉంది, తోలు ఒక్కటే అడ్డం. అవీ పోయాయి. మూడోసారి గింజ మీద తెల్ల చుక్క ఉందేమో చూసింది. ఆవగింజలో పావు వంతు ఉంటుంది ఆ చుక్క. గింజ గట్టిగా ఉంది, బరువుగా ఉంది, ఎక్కడా లోపం లేదు. “ఇది మంచిదే కదా” అన్నాను. 

“ఇయ్యాల్టికి మంచిదే బిడ్డా. రేపటి పుచ్చు ఇది” అని మేకల ముందు పడేసింది.

తెల్లారేసరికి కుంచెడు గింజల్లో దోసెడు మిగలలేదు. అన్న లెక్కపెట్టాడు. అయిదు ఇరవైలు, పైన పదకొండు. ఆ నూట పదకొండు గింజలకు అరచేతితో ఆముదం పట్టించి, మందు సీసా ఒకటి కడిగి ఎండబెట్టి అందులో పోసి, మూతి దాకా మెత్తగా నలిపిన బూడిద నింపి బిరడా పెట్టింది. మృగశిరలో వాన పడ్డాక వాటిని పత్తి చేలో పెట్టనివ్వలేదు. పత్తికి మందు కొడతారు, బబ్బెర ఆకు మేక తింటుంది అని ఇంటి వెనక దడి వెంట పెట్టింది. ఎనభై దాకా మొలిచాయి. రెండు పంటల తర్వాత మళ్లీ కుంచెడయ్యాయి. అప్పటికి తండాలో మిగతా ఇళ్లల్లో ఆ విత్తనం లేదు. కొందరికి పుచ్చు వల్ల పోయింది, ఎక్కువమందికి పత్తి వల్ల.

ఇప్పుడు నేను ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. పాఠంలో కప్ప, బొద్దింక ఉంటాయి గానీ పిల్లల ఇళ్లల్లో ఉండే పురుగు ఉండదు. అందుకని ఒక మార్చి నెలలో హార్లిక్స్ సీసాలో యాభై బబ్బెర్లు, వాటిలోకి నాలుగు పురుగులు వదిలి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, తరగతి గది కిటికీలో పెట్టాను. పక్కన క్యాలెండర్. పిల్లలు కోయ, లంబాడా, నాయకపోడు. విత్తనం గురించి వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది తక్కువే.

ఈ పురుగును ముక్కపురుగుతో కలపకూడదు. బియ్యంలో, జొన్నల్లో కనిపించే ముక్కపురుగుకు మూతి ముందుకు పొడుచుకొని ఉంటుంది. పప్పుగింజల పుచ్చుపురుగుకు అది లేదు. వెనక భాగం రెక్కల పెంకు కింద పూర్తిగా దాగక కొంచెం బయటికి కనిపిస్తుంది, పొట్టి చొక్కా వేసుకున్నట్టు. ఇవి కాల్సోబ్రూకస్ అనే జాతివి. మన దగ్గర కంది, పెసర, బబ్బెర, శనగలను పట్టేవాటిలో రెండు ముఖ్యం: మాక్యులేటస్, చైనెన్సిస్. రెండోదానికి 1758లోనే లిన్నేయస్ పేరు పెట్టాడు. ఆయన చైనా పేరు తగిలించాడు గానీ దానికి నర్సంపేట అయినా ఒకటే, నైజీరియా అయినా ఒకటే.

ఆడపురుగు గింజ చుట్టూ తిరిగి, నున్నగా ఉన్నచోట గుడ్డు పెట్టి, జిగురుతో అతికిస్తుంది. ఒక్కటి వంద దాకా పెట్టగలదు. అయిదారు రోజులకు గుడ్డు పగిలినా పిల్లపురుగు బయటికి రాదు. గుడ్డు అడుగు నుంచి నేరుగా గింజలోకి తొలుచుకుపోతుంది. తొలిచిన పిండి వెనక్కి తోస్తే ఖాళీ గుడ్డు పెంకులో అది నిండుతుంది. యాడి చూసిన తెల్ల చుక్క అదే. చుక్క తెల్లబడిందంటే పురుగు లోపలికి పోయిందని అర్థం. బడిలో భూతద్దంతో చూసి పిల్లలకు ఇది చూపించినప్పుడు, ఆ రాత్రి దీపం వెలుగులో ఆమె మేకలకు పడేసిన గింజ గుర్తొచ్చింది. లోపల తింటూ, నాలుగు దశలు పెరిగి, చివరికి తోలు కింద ఒక కిటికీ మాత్రం మిగిల్చి అక్కడే గూడు కడుతుంది. రెక్కలొచ్చాక ఆ కిటికీని గుండ్రంగా కోసి, మూత ఎత్తినట్టు ఎత్తుకొని బయటికి వస్తుంది. మా సీసాలో మొదటి పురుగు ఇరవై ఆరో రోజున వచ్చింది. వచ్చాక అది తినదు, తాగదు. రెండు వారాలు బతికితే ఎక్కువ. తిండి అంతా గింజలో ఉన్నప్పుడే తినేసింది. ఇక దాని పని జత కట్టడం, గుడ్లు పెట్టడం.

గుడ్లను పిల్లలు గింజల వారీగా లెక్కపెట్టారు. గింజలు ఎక్కువ ఉన్నంతకాలం ఆడపురుగు ఇదివరకే గుడ్డున్న గింజను వీలైనంతవరకు వదిలేస్తుంది. ఒక గింజకు ఒకటి, అన్నింటికీ అయ్యాక రెండోది. “సార్, దీనికి లెక్కలొస్తయ్” అన్నాడు ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు. లెక్కల్లో వాడు వెనక. ఇంకో సీసాలో పురుగుకు బదులు సన్నటి నల్ల కందిరీగ లాంటిది వచ్చింది. అది పుచ్చుపురుగు పిల్లను లోపలే వెతికి దాని మీద గుడ్డు పెట్టే జీవి. కందిరీగకు ఆ పేరు కంది వల్ల వచ్చిందా సార్ అని పిల్లలు అడిగారు. తెలుగు సారును అడగమన్నాను.

ఇంకో సంగతి. మాక్యులేటస్‌లో రెండు రకాల పెద్ద పురుగులు పుడతాయి. గింజలు చాలినన్ని ఉంటే పుట్టేవి బద్ధకంగా ఉంటాయి, ఎగరవు, కుండలోనే పుట్టి కుండలోనే పోతాయి. కుండలో ఇరుకై, వేడి పెరిగినప్పుడు పుట్టేవి వేరుగా ఉంటాయి, ఎగురుతాయి. అవి చేలకు పోయి, ఎండుతున్న కాయ మీద గుడ్లు పెడతాయి. అందుకే పుచ్చు కుండలో మొదలైందనుకుంటాం గానీ చాలాసార్లు చేను నుంచే మనతో ఇంటికి వస్తుంది. ఇది చెబుతుంటే మా తండా పిల్లలు ఆటోలు నడపడానికి హైదరాబాద్ పోవడం గుర్తొచ్చింది. పోలిక పెట్టబుద్ధి కాలేదు. పురుగుకు తిరిగిరావడానికి చేను ఉంది.

పుచ్చు వల్ల పోయేది తినే గింజ ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. కంది జనవరి, ఫిబ్రవరిలో ఇంటికొస్తుంది. అందరి కందులూ ఒకేసారి వస్తాయి కాబట్టి అప్పుడు ధర తగ్గుతుంది. నాలుగైదు నెలలు ఆగితే ధర పెరగొచ్చని తండాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆగనివ్వనివి రెండు. ఒకటి అప్పు, రెండోది పుచ్చు. ఒక ఏడాది బాపు మొండిగా నాలుగు బస్తాలు ఆపాడు. మేలో బేరగాడు వచ్చి, బస్తాలో చెయ్యి దూర్చి గుప్పెడు తీసి, బొక్కలు లెక్కపెట్టి, జనవరి ధర కంటే తక్కువ చెప్పాడు. ఆ తర్వాత బాపు ఎప్పుడూ ఆపలేదు. అదే బేరగాడి గోదాములో కందులు ఏడాది పొడుగునా పుచ్చకుండా ఉంటాయి. అక్కడ బస్తాల మీద పట్టా కప్పి గ్యాసు పెడతారు. పురుగు పేదింట్లో తింటుంది, గోదాములో చస్తుంది. ఆ తేడాలోనే వ్యాపారం ఉంది.

ఆ గ్యాసు గోలీల గురించి ఒక మాట చెప్పకుండా పోలేను. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. మనం పడుకునే గదిలోనే కందుల బస్తాలు ఉంటాయి, ఆ గదిలోనే పసిపిల్లలు ఉంటారు. ఎవరు ఇచ్చినా, ఊరికే ఇచ్చినా ఆ గోలీ ఇంట్లోకి రానివ్వకండి. పుచ్చితే పుచ్చనీ.

కొత్త రకాలు కాపాడతాయా అని అడుగుతారు. వరంగల్ పరిశోధన స్థానం ఇచ్చిన యాదాద్రి పెసర పల్లాకు తెగులును తట్టుకుంటుంది, మా దగ్గర చాలామంది వేస్తారు. కుండలోకి వచ్చాక అదీ అన్ని పెసర్ల లాంటిదే. మడగాస్కర్ నుంచి సేకరించిన టి.సి.1966 అనే ఒక అడవి పెసరలో ఈ పురుగు బతకదని 1980లలో కనిపెట్టారు. అంతమంది శాస్త్రవేత్తలు, అన్ని దేశాల పెసర్లను పరీక్షించి చివరికి అడవి మొక్క దగ్గర ఆగారు. మా చెలక గట్లమీద పిల్లిపెసర పాకుతుంటే కలుపు అని పీకుతాం.

పాత పద్ధతులన్నీ గొప్పవని చెప్పను. వేపాకు వేస్తే చాలనుకొని పోగొట్టుకున్నవాళ్లు తండాలో చాలామంది ఉన్నారు. వేపాకు ఎండాక దాని ఘాటు ఎన్నాళ్లు ఉంటుంది? బూడిద పనిచేస్తుంది, కానీ చిటికెడు చల్లితే కాదు, గింజకు గింజకు మధ్య నిండాలి. పురుగు కదలలేక, జత కట్టలేక పోతుంది. నూనె పనిచేస్తుంది, కిలోకు అయిదారు మిల్లీలీటర్లు ప్రతి గింజకూ అంటేలా పట్టిస్తే గుడ్డుకు ఊపిరాడదు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం పనిచేస్తుంది. పప్పుగా ఇసిరి పెడితే పురుగు తక్కువ పడుతుంది, కానీ పప్పు మొలవదు. అన్నింటికంటే గట్టి పద్ధతి గాలి లేకుండా చేయడం. పాతరలో జొన్నలు ఏళ్ల తరబడి నిలిచింది అందుకే. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు పశ్చిమాఫ్రికాలో బబ్బెర్లు పండించే రైతుల కోసం మూడు పొరల సంచి తయారుచేశారు. బయట మామూలు నేత సంచి, లోపల రెండు ప్లాస్టిక్ సంచులు. బిగించి కడితే లోపలి పురుగులే ఉన్న ప్రాణవాయువును వాడేసుకొని ఆగిపోతాయి. మందు లేదు. అది విని మా వదిన రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలు ఏరుకొచ్చింది. బాగా ఎండిన గింజను మూతి దాకా కుదించి నింపి, మూత బిగించి, మైనం పెడుతుంది. నడుమ తెరవకూడదు, అంతే. నాలుగేళ్లుగా బబ్బెర్లు పుచ్చలేదు.

మా పూర్వీకులు ఎడ్ల మీద ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తరాదిన ఒక తండా ఎదురైందని, అందులో ధాన్యం మోస్తున్న ఎడ్లు 14,000 అని రాసుకున్నాడు. రైళ్లు వచ్చి ఆ లదేణీ పోయింది, మేం చెలకల మీద ఆగిపోయాం. అన్ని వేల గోనెల్లో ఈ పురుగు లేకుండా ఉంటుందా? ఒక రాజ్యం గింజ ఇంకో రాజ్యానికి చేరేటప్పుడు అదీ మాతో నడిచే ఉంటుంది. మమ్మల్ని అడవుల్లో ఊళ్లల్లో ఆపి ఎక్కడివాళ్లని అడిగారు గానీ దాన్ని ఎవరూ అడగలేదు.

ఆషాఢంలో సీత్లా పండుగకు గుగ్గిళ్లు కావాలి. ముందురోజు రాత్రి జొన్నలు, పెసర్లు, శనగలు, బబ్బెర్లు నానబెడతారు. నీళ్లు పోయగానే పుచ్చు గింజలు పైకి తేలుతాయి. తేలినవి తీసేసి, అడుగునున్నవే అమ్మకు పెడతారు. ఇప్పుడు చాలా ఇళ్లల్లో గింజలు కిరాణా కొట్టు నుంచి వస్తాయి. ఎర్రటి మందు పూసిన విత్తనం పొట్లాలు కూడా ఇంట్లో ఉంటాయి. వాటికి పురుగు పట్టదు, అవి గుగ్గిళ్లకూ రావు. పురుగు ముట్టని గింజ మనమూ ముట్టలేనిది అయింది.

యాడికి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఇంకో కన్ను మసక. తెల్ల చుక్కలు ఆమెకు కనిపించవు. కంచు పళ్లెం మీద గింజలను కొన్ని కొన్నిగా జారవిడిచి చప్పుడు వింటుంది. పుచ్చిన గింజ చప్పుడు వేరట. వదిన పరీక్ష కోసం మంచి గింజల్లో నాలుగు బొక్క గింజలు కలిపి ఇచ్చింది. మూడు పట్టుకుంది. నాలుగోదాన్ని తర్వాత వేలితో తడిమి పట్టుకొని, వదినను తిట్టింది.

పోయిన మేలో పక్క తండా నుంచి ఒకామె విత్తనం బబ్బెర్లకు వచ్చింది. డబ్బులిస్తానంది. యాడి డబ్బులు వద్దంది. మానికెడు తీసుకుపోయి పంటయ్యాక మానికన్నర తేవాలి, సీసాలో నింపి తేవాలి, దడి వెంట పెట్టాలి గానీ పత్తిలో పెట్టొద్దు. ఆమె అన్నింటికీ తలూపింది. లేచి వాకిలి దాటుతుంటే యాడి మళ్లీ పిలిచింది.

“తెచ్చినయ్ పళ్లెంల పోసి ఇంట. పుచ్చుంటె వాపస్ చేస్త, మల్ల నా మీద కోపం జెయ్యద్దు.”